'బి' అక్షరం నోట్లు: బర్మా యుద్ధకాలపు కరెన్సీ సేకరించాలనుకునేవాళ్ళకి

మా ఇంట్లో రంగూన్ అని ఎవరూ అనేవాళ్ళు కాదు. రంగం. "మీ తాత రంగంలో ఉండగా..." అని నాన్నమ్మ మొదలుపెట్టిందంటే కంచంలో అన్నం చల్లారిపోవాల్సిందే. 1998లో ఆవిడ పోయాక, కంచరపాలెం ఇంట్లో మంచం కింది ట్రంకుపెట్టె తెరిచాం. అడుగున పాత పంచె ముక్కలో చుట్టిన నోట్ల కట్ట ఉంది. లెక్కపెడితే 43. జపాన్ వాళ్ళు బర్మాని పట్టుకున్నప్పుడు అక్కడ చలామణీ చేసిన రూపాయలు. అప్పటికి నేను తపాలా శాఖలో గుమాస్తాని, స్టాంపులు తప్ప ఇంకోటి దాచినవాణ్ణి కాదు. ఆ కట్టతో పిచ్చి నోట్ల మీదికి మళ్ళింది.

ఈ మధ్య కుర్రాళ్ళు ఫోన్ చేసి "అంకుల్, రంగం నోట్లు కొందామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

పెట్టుబడి అనుకుని వచ్చేవాళ్ళకి ముందే చెప్పేస్తాను, ఇందులో డబ్బు లేదు. జపాన్ వాళ్ళు ఈ నోట్లని బంగారం వెనకేసుకుని అచ్చెయ్యలేదు, కావలసినన్ని అచ్చేశారు. యుద్ధం అయ్యాక సైనికులు కట్టలకి కట్టలు జ్ఞాపకంగా పట్టుకుపోయారు. అందుకే ఎనభై ఏళ్ళు దాటినా మడత పడని నోటు ఇప్పటికీ బిర్యానీ పొట్లం ఖరీదుకి దొరుకుతుంది. "చాలా రేర్ సార్" అని ఐదు వేలు చెప్పే పెద్దమనిషికి నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

నోట్లు కొనేముందు నాలుగు తేదీలు నోటికి రావాలి. 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశారు, అయినా కరెన్సీ చూసింది మన రిజర్వ్ బ్యాంకే. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న ఊరు జపాన్ చేతికి పోయింది. 1945 మే నెల మొదట్లో బ్రిటిష్ వాళ్ళు తిరిగి వచ్చారు, జపాన్ రూపాయి చిత్తు కాగితమైంది. మధ్యలో 1943 ఆగస్టు 1న బా మా అనే బర్మా నాయకుడి ఆధ్వర్యంలో జపాన్ నీడనే ఒక 'స్వతంత్ర' ప్రభుత్వం వచ్చింది, దాని బ్యాంకు కూడా నోట్లు వేసింది. మీ ఆల్బమ్ ఈ తేదీల చుట్టూనే తిరుగుతుంది. అమ్మేవాడు చెప్పే కథ నిజమో కాదో తేల్చేది కూడా ఈ తేదీలే. ఆ సంగతి చివర్లో చెప్తాను, అక్కడ నా పరువు కూడా కొంత పోయింది.

మొదట జపాన్ నోట్లతో మొదలుపెట్టండి. మొత్తం తొమ్మిది రకాలు: 1, 5, 10 సెంట్లు, పావు రూపాయి, అర్ధ రూపాయి, 1, 5, 10 రూపాయలు, తర్వాత 1944లో వచ్చిన 100 రూపాయలు. కేటలాగుల్లో వాటి పిక్ నంబర్లు (సేకరించేవాళ్ళు ఒక్కో రకం నోటుని గుర్తుపట్టడానికి వాడే సంఖ్యలు) 9 నుంచి 17 వరకు. అణాలు, పైసలతో బతికిన జనం చేతికి సెంట్ల నోట్లు ఇచ్చారన్నమాట. పక్కనే పావు రూపాయి, అర్ధ రూపాయి కూడా వేశారు, అంటే పావలా, అర్ధ. సెంటూ పావలా ఒకే జేబులో ఎలా లెక్క తేలేదో నాన్నమ్మని అడగాలని నాకు ఆవిడ ఉన్నప్పుడు తట్టలేదు.

ఈ నోట్లమీద సంవత్సరం వెయ్యలేదు. 'ది జపానీస్ గవర్నమెంట్' అని ఇంగ్లీషులో ఉంటుంది. రూపాయల నోట్లమీద చిన్న ఎర్రటి ముద్ర, దానిలో జపాన్ అక్షరాలు కనిపిస్తాయి. కొన్నిటిమీద పగాన్‌లోని ఆనంద ఆలయం బొమ్మ ఉంది. నా దగ్గరున్న జపాన్ నోట్లలో ఒక్కదానిమీద కూడా వరుస నంబరు లేదు. దాని బదులు అక్షరాలు ఉన్నాయి. చూడాల్సింది వాటినే.

మొదటి అక్షరం దేశం. 'బి' అంటే బర్మా. 'ఎం' మలయా, 'పి' ఫిలిప్పీన్స్, 'ఎస్' డచ్చి వాళ్ళ ఇండీస్, అంటే ఇప్పటి ఇండోనేషియా. 'ఓ' అంటే ఓషియానియా, అవి పౌండ్లు, షిల్లింగుల్లో ఉంటాయి. అరటిచెట్టు బొమ్మతో పది డాలర్ల నోటు చూపించి "సార్, బర్మాది" అని ఒకాయన నాకు అమ్మబోయాడు. అది మలయా నోటు, అక్కడివాళ్ళు దాన్ని అరటి డబ్బు అనే పిలిచేవాళ్ళు. మలయా తోటలకి కూడా మనవాళ్ళు వేలల్లో వెళ్ళారు కాబట్టి ఆ నోట్లూ మన ఇళ్ళలో బయటపడతాయి. మంచి నోటే, కొనుక్కోండి. కాకపోతే అరటి డబ్బు అని తెలిసి కొనండి.

రెండో అక్షరం అచ్చువేసిన వరుస. బీఏ, బీబీ, బీసీ అలా పోతుంది. కొన్ని చిల్లర నోట్లమీద మాత్రం అడ్డగీత గీసి పైన బి, కింద రెండక్షరాలు ఉంటాయి, మనం భిన్నం రాసినట్టు. కొత్తవాళ్ళకి ఇది పట్టదు. తొమ్మిది రకాలు పూర్తయ్యాక అసలు సరదా ఇక్కడ మొదలవుతుంది. ఒకే ఐదు సెంట్ల నోటు ఎన్ని అక్షరాలతో దొరుకుతుందో చూద్దామని ఆల్బమ్‌లో గళ్ళు గీసుకుని కూచుంటాం. మా ఆవిడ దృష్టిలో అవన్నీ ఒకే నోటు. అక్షరాల గళ్ళు నింపడానికి డబ్బు పెద్దగా అవ్వదు, కళ్ళు మాత్రం పోతాయి. పది రెట్ల లెన్సు ఒకటి కొనుక్కోండి, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే రకం అయినా సరే.

లెన్సు వచ్చింది కాబట్టి నోటుని ఎలా చూడాలో చెప్తాను. రెండు నోట్లు పక్కపక్కన పెట్టుకోండి, ఒకటి ముందు కాలందనీ ఒకటి చివరి కాలందనీ మీకు అనుమానం ఉన్నవి. ముందుదాంట్లో అంచున ఉన్న అల్లిక గీతలు దారం తీసినట్టు విడివిడిగా కనపడతాయి. వేలిగోటితో మెల్లగా రాస్తే సిరా కాస్త ఎత్తుగా తగులుతుంది. రెండోదాంట్లో అవే గీతలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి, తడి కాగితంమీద పెన్ను పెట్టినట్టు ఉంటాయి. తాకితే నున్నగా ఉంటుంది. యుద్ధం ముదిరేకొద్దీ అచ్చు నాణ్యత దిగజారింది, కాగితం కూడా. నా దగ్గరున్న వంద రూపాయల నోట్లలో రెండింటిని చూడండి, బొమ్మ ఒకటే. ఒకటి ప్రభుత్వం నోటులా ఉంది, ఇంకోటి సినిమా టికెట్టులా ఉంది. కాబట్టి అచ్చు మసగ్గా ఉందని దొంగనోటు అనేసుకోకండి. అందుకని మసగ్గా ఉన్నవన్నీ అసలువే అని కూడా కాదు.

అసలు నకిలీ తేల్చడానికి నేను వాడేది అతినీలలోహిత టార్చి. కరెంటు సామాన్ల దుకాణంలో రెండు మూడు వందలకి వస్తుంది. చీకట్లో నోటుమీద వెయ్యండి. ఆ కాలం కాగితం మామూలుగా మొద్దుగా, గోధుమరంగులోనే ఉండిపోతుంది. ఇప్పటి కాగితంలో తెల్లదనం కోసం రసాయనాలు కలుపుతారు కాబట్టి నీలంగా భగ్గుమంటుంది. జ్ఞాపికల కోసం కొత్తగా వేసిన కాపీలు దీనితో సగానికి సగం బయటపడతాయి. ఒక్క మెలిక ఉంది. అసలు నోటుని ఎవరైనా సర్ఫు నీళ్ళలో కడిగితే అది కూడా మెరుస్తుంది, ఎందుకంటే బట్టల పౌడరులోనూ అలాంటి రసాయనాలే ఉంటాయి. మెరిసిన నోటు నకిలీ అయినా కావచ్చు, స్నానం చేసిన అసలైనా కావచ్చు. రెండూ కొనక్కర్లేదు.

కడగడం మాట వచ్చింది కాబట్టి నా ఘనకార్యం కూడా చెప్పేస్తాను. కట్ట దొరికిన వారంలోనే, నోట్లు ముడతలు పడ్డాయని తువ్వాలు కప్పి ఒక పది రూపాయల నోటుని ఇస్త్రీ చేశాను. ముడత పోయింది. దానితోపాటు సిరా ఎత్తు, కాగితం గరుకుదనం కూడా పోయి, నోటు ఉల్లిపొర కాగితంలా మెరుస్తూ మిగిలింది. మొదటి తప్పుని ఎదురుగా చూసుకోవాలని దాన్ని ఆల్బమ్ మొదటి పేజీలోనే పెట్టాను. ఇస్త్రీ వద్దు, కడగొద్దు, రబ్బరుతో తుడవొద్దు. చిరిగితే సెల్లోటేపు అసలు వద్దు, పదేళ్ళలో అది పచ్చగా మారి నోటుని తినేస్తుంది. లామినేషన్ చేయించినవాళ్ళని ఏమీ అనలేను, పాపం ప్రేమతోనే చేయిస్తారు.

తర్వాత గది బా మా ప్రభుత్వానిది. బర్మా స్టేట్ బ్యాంక్ పేరుతో 1944లో వచ్చిన నోట్లు రూపాయల్లో కాదు, బర్మావాళ్ళ సొంత డబ్బు చాట్లలో ఉంటాయి. 1945 నాటి వంద చాట్ల నోటుమీద బా మా బొమ్మే ఉంది. ఇవి జపాన్ నోట్లంత విరివిగా దొరకవు, ధర కూడా అలాగే ఉంటుంది. తొందరపడకండి. నాకు మొదటిది దొరకడానికి ఆరేళ్ళు పట్టింది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనవీ, నేను చేతులు కాల్చుకున్నవీ బ్రిటిష్ వైపు నోట్లు. యుద్ధానికి ముందు, 1938 నుంచి, రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా పేరుమీదే ఆరో జార్జి బొమ్మతో బర్మాకోసం ప్రత్యేకంగా నోట్లు వచ్చాయి. అవి ఇండియాలో చెల్లేవి కావు. 1945లో బ్రిటిష్ సైన్యం తిరిగి వచ్చినప్పుడు కొత్త డిజైను వేసే తీరిక ఎక్కడిది? ఇండియా నోట్లమీదే 'మిలిటరీ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ బర్మా, బర్మాలో మాత్రమే చెల్లును' అని అడ్డంగా కొట్టించి పంపించారు. దీన్నే మనవాళ్ళు ఓవర్‌ప్రింట్ అంటారు. 1940 నాటి మన రూపాయి నోటుమీద కూడా ఈ ఓవర్‌ప్రింట్ ఉంది, కొత్తవాళ్ళు దానితో మొదలుపెడితే జేబుకి మంచిది. 1947లో 'బర్మా కరెన్సీ బోర్డ్' పేరుతో ఇంకో విడత వచ్చింది. 1948 జనవరి 4న బర్మాకి స్వాతంత్ర్యం వచ్చింది, నా ఆల్బమ్ అక్కడితో ఆపేశాను. ఎక్కడో ఒకచోట ఆపకపోతే ఇల్లు అమ్ముకోవాలి.

ఓవర్‌ప్రింట్ ఉన్న నోటుకీ లేని నోటుకీ ధరలో ఎంత తేడా ఉంటుందో అనుకుంటేనే మీకు మోసం ఎక్కడుందో అర్థమైపోతుంది. నలిగిన మామూలు జార్జి నోటు కొని, దానిమీద ఈ రెండు లైన్లు కొట్టించేవాళ్ళున్నారు. 2006లో హైదరాబాద్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో పది రూపాయల ఓవర్‌ప్రింట్ ఒకటి 6,500 పెట్టి కొన్నాను. ఆ నెల జీతంలో అది ఎంత భాగమో ఇంట్లో ఇప్పటికీ గుర్తు చేస్తుంటారు. రైల్లో వస్తూ పదిసార్లు తీసి చూసుకున్నాను. ఇంటికొచ్చి లెన్సు పెట్టాక కడుపులో తిప్పింది.

ఏం కనపడిందో వివరంగా చెప్తాను, ఇది ఒక్కటి నేర్చుకుంటే మీ 6,500 మిగులుతాయి. నోటు నాలుగు మడతలు పడి బాగా వాడినది. మడత దగ్గర కాగితం పీచు లేచి, రాజుగారి భుజంమీద సిరా రాలిపోయి, సన్నటి తెల్లగీత పడింది. పాత నోటుకి అది సహజమే. కానీ 'బర్మా' అన్న మాట సరిగ్గా ఆ మడతమీదుగా పోతోంది, ఆ అక్షరాల్లో మాత్రం తెల్లగీత లేదు. పైగా సిరా ఆ పీచులోకి ఇంకి, అంచులు ముళ్ళుముళ్ళుగా ఉన్నాయి. ఓవర్‌ప్రింట్ కొత్త నోట్లమీద కొట్టారు, తర్వాతే అవి చేతులు మారి మడతలు పడ్డాయి. మడత పడితే కింది సిరాతోపాటు పై సిరా కూడా రాలాలి. నా నోటుమీద నలగడం ముందు జరిగింది, అచ్చు తర్వాత పడింది. అమ్మినాయన దగ్గరికి మళ్ళీ వెళ్తే బిల్లు ఏదన్నాడు. బిల్లు లేదు. అప్పట్నుంచి చేతిరాత కాగితమైనా సరే, రాయించుకోకుండా వెయ్యి దాటిన నోటు కొనడం మానేశాను.

జార్జి నోట్లలో ఎడమవైపు పిన్ను చిల్లులు చూసి భయపడకండి. అప్పట్లో కట్టలకి పిన్నులు గుచ్చేవాళ్ళు, చిల్లు లేని నోటు దొరికితే అదృష్టమే. జపాన్ నోట్ల విషయంలో మాత్రం నేను చిల్లులున్నవి తీసుకోను. అంత విరివిగా దొరికే సరుకులో మచ్చ ఉన్నది ఎందుకు?

రెండు ప్రత్యేకమైన కాగితాల గురించి. జపాన్ ఐదు రూపాయల నోటు నమూనాని ఒకవైపు అచ్చేసి, రెండో వైపు కచిన్ అనే కొండజాతి భాషలో ప్రచారం రాసి మిత్రదేశాలవాళ్ళు కొండప్రాంతాల్లో పంచిన కరపత్రాలున్నాయి. అసలుది దొరికితే వదలకండి, నాకు దొరకలేదు. రెండోది ఆజాద్ హింద్ బ్యాంకు. నేతాజీ ప్రభుత్వం ఆ బ్యాంకుని 1944 ఏప్రిల్‌లో రంగూన్‌లో తెరిచింది, అది చరిత్ర. కానీ ఆ పేరుతో నాకు బజార్లో చూపించిన 'నోట్లు' ఇప్పటిదాకా ఏడు, ఏడూ టార్చి కింద దీపావళి చేశాయి. నేతాజీ పేరు వినగానే మన చెయ్యి జేబులోకి పోతుందని వాళ్ళకి తెలుసు.

దాచడం గురించి విశాఖలో ఉండి నాకు తెలిసింది చెప్తాను. మన శత్రువు సముద్రపు గాలి. పీవీసీ ఆల్బమ్ కొనకండి. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే అది పీవీసీ అనే అనుకోండి, కొన్నేళ్ళకి జిగురు కక్కి నోటుకి అంటుకుంటుంది. పాలియెస్టర్ కానీ పాలీప్రొపిలీన్ కానీ తొడుగులు అడిగి తీసుకోండి. ఆల్బమ్‌ని వానకి తడిసే గోడకి ఆనిన బీరువాలో పెట్టకండి. సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, వానాకాలం ముందూ తర్వాతా మార్చండి. నోటు పక్కన వేపాకులు పెట్టొద్దు, మరక పడుతుంది. నాలుగైదు నెలలకి ఒకసారి తెరిచి గాలి తగలనివ్వండి. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత మూడు వారాలు నేను ఆల్బమ్ తెరవలేదు, ఇల్లు సర్దుకోవడంతోనే సరిపోయింది. తెరిచేసరికి వెండిరంగు పురుగు ఒక అర్ధ రూపాయిని అంచునుంచి పావు రూపాయి చేసింది.

ఎక్కడ కొనాలి అంటే, నాణేల ఎగ్జిబిషన్లలో కొనండి, పాత సేకరణలు అమ్ముకునే కుటుంబాల దగ్గర కొనండి. ఆన్‌లైన్లో కొంటే రెండువైపులా ఫోటో, వెలుతురుకి ఎత్తి పట్టిన ఫోటో అడగండి. అది పంపడానికి సణిగేవాడి దగ్గర కొనకండి. నా ఉద్దేశంలో అన్నిటికంటే మంచి చోటు మాత్రం మన ఊళ్ళే. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రంగం వెళ్ళని ఊరు తక్కువ. బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలనేవాళ్ళు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుమీద. మా పక్కనే బర్మా క్యాంపు ఉంది, అరవైల్లో అక్కణ్ణుంచి తిరిగొచ్చిన కుటుంబాలది. అలాంటి ఇంటికి వెళ్తే ముందు నోటు అడక్కండి. కూచోండి, టీ తాగండి, ఎవరు ఎప్పుడు వచ్చారో అడగండి. అమ్మం అంటే ఫోటో తీసుకుని వచ్చెయ్యండి.

వచ్చిన సంవత్సరం ఎందుకు అడగాలంటే, 1942 మొదటి నెలల్లో పారిపోయి వచ్చినవాళ్ళ దగ్గర ఉండాల్సింది రిజర్వ్ బ్యాంకు నోట్లు. జపాన్ నోట్లు చలామణీలోకి వచ్చేసరికి వాళ్ళు దారిలో ఉన్నారు, లేదా ఇక్కడికి చేరిపోయారు. జపాన్ నోట్ల కట్ట ఉందంటే ఆ మనిషి యుద్ధమంతా అక్కడే ఉన్నాడన్నమాట, లేదా యుద్ధం అయ్యాక వెళ్ళి వచ్చినవాళ్ళెవరో ఇచ్చారన్నమాట. "మా తాత 42లో నడిచొస్తూ తెచ్చిన వంద రూపాయల జపాన్ నోటు" అని ఎవరైనా అమ్మితే కథకి డబ్బులివ్వకండి. ఆ నోటు పుట్టిందే 1944లో.

ఇంత తెలివిగా చెప్తున్న నేను ఐదేళ్ళపాటు అదే కథ నమ్మాను. తాత మణిపూర్ కొండలమీదుగా కాలినడకన వచ్చాడని, ఈ కట్ట నడుముకి కట్టుకుని తెచ్చాడని నాన్నమ్మ చెప్పేది. నా 43 నోట్లలో 11 వంద రూపాయలవి. కేటలాగు తెరిచి చూసిన రోజున ముందు కేటలాగు తప్పనుకున్నాను. తర్వాత పలాసలో ఉన్న మా పెద్దత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నోట్లు చూడను కూడా లేదు. "నడిచొచ్చింది మీ చిన్నతాతరా. మీ తాత బియ్యం మిల్లు వదల్లేక ఉండిపోయేడు. నలభై ఆరులో ఓడెక్కి వచ్చేడు. మజ్జిలో ఉత్తరం ముక్క లేదు. ఆ నాలుగేళ్ళ సంగతి మీ నాన్నమ్మని ఎవరం అడగలేదు" అంది.

ప్రతి నోటు తొడుగు వెనక ఒక చీటీ పెట్టండి. పెన్సిల్‌తో రాయండి, నోటుకి తగలనివ్వకండి. ఎవరిది, ఎవరు చెప్పారు, ఏ రోజున చెప్పారు, ఎంతకి కొన్నారు అన్నీ రాయండి. ఆ 11 నోట్ల వెనక ఇప్పుడు "తాత, 1946, ఓడమీద, పెద్దత్త చెప్పింది, పలాస, 2003" అని ఉంది. దాని కింద పాత చీటీ కూడా అలాగే ఉంచాను: "తాత, 1942, నడిచి, నాన్నమ్మ చెప్పింది."